మా నాన్న నుదుటి మీద మూడు గీతలు

ఆదివారం పొద్దున బెంగళూరు నుంచి మారికుప్పం పోయే రైలు ఖాళీగా ఉంటుంది. అదే రైలు సోమవారం తెల్లవారకముందు అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు తలుపుల దగ్గర కూడా కాలు మోపే చోటుండదు. బంగారు గనులు మూతపడ్డాక మా ఊళ్ళో పని లేదు, పనికి పోయే మనుషులు మాత్రం ఉన్నారు. వాళ్ళను పొద్దున నగరంలో దించి రాత్రికి మళ్ళీ ఊళ్ళో పారబోసి పోవడమే ఆ రైలు చేసే పని. ఆ ఆదివారం నా ఎదుటి సీట్లో ముగ్గురు కుర్రవాళ్ళు, ఒక అమ్మాయి కూర్చున్నారు. మెడల్లో కెమెరాలు వేలాడుతున్నాయి. కొండలు చూడటానికి పోతున్నామన్నారు. బెంగళూరుకు ఇంత దగ్గర్లో తెల్లటి కొండలున్న ఊరు ఒకటుందని ఇన్నాళ్ళూ తమకు తెలియదట. అవి కొండలు కావని చెప్పాను. భూమి లోపలి రాయిని తవ్వి తీసి, పిండి కొట్టి, సైనైడు నీళ్ళతో కడిగి, బంగారం తీసుకుని, మిగిలిన పిండిని ఊరి పక్కన పోశారని చెప్పాను. తరాల తరబడి పోస్తే అది కొండంత అయిందని చెప్పాను. అమ్మాయి చాలా శ్రద్ధగా విని, "సూపర్‌గా చెప్పారు ఆంటీ, ఇదే మాట ఒకసారి వీడియోలో చెప్తారా?" అంది. చెప్పనన్నాను. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ళ వయసులో ఎవరైనా తెల్లగా కనిపించేదాన్ని చూసి ముచ్చట పడతారు. గని తవ్విన దొరలు కూడా మా ఊరిని చల్లటి కొండ ఊరు అనుకునే వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళ బంగళాలు గాలి వచ్చే వైపు కట్టుకున్నారు. పిండి గుట్టలు మాత్రం గని పనివాళ్ళ ఇళ్ళ వరసలు, మా లైన్ల వైపు పోయించారు. ఎవరి ఇంట్లోకి దూరాలో, ఎవరి ఇల్లు తప్పించుకుని పోవాలో గాలికి కూడా నేర్పించి పెట్టిన ఊరు అది.

నేను కొండలు చూడటానికి పోలేదు. మా ఊళ్ళోనే ఆండర్సన్‌పేటలో ఉండే మా అక్క లలిత ఫోన్ చేసి, "ఒగ తూరి వచ్చిపో. ఫోన్లో చెప్పే మాట కాదు" అంది. మా అక్క అంత పొదుపుగా మాట్లాడే మనిషి కాదు. అందుకే పోయాను.

ఆషాఢం గాలి మొదలై ఉంది. ఆటో దిగేసరికే పళ్ళ మధ్య ఇసుక కరకరలాడింది. అక్క ఇంటి కిటికీలకు తడిపిన పాత చీరలు వేలాడుతున్నాయి. లోపలికి పోగానే తడి నూలుగుడ్డ వాసన, దాని వెనక వేయించిన రాగుల వాసన, ఆ రెండింటి అడుగున ఏ పేరూ లేని చప్పటి రాతి వాసన. ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో ఇళ్ళలో ఉన్నాను, ఈ మూడు వాసనలూ కలిసిన గాలి ఇంకెక్కడా తగల్లేదు.

మా చిన్నప్పుడు ఆషాఢం వచ్చిందంటే అమ్మ ఇల్లు నడిపే పద్ధతే మారిపోయేది. పొద్దున కాఫీ కంటే ముందు బకెట్లో చీరలు తడిసేవి. ఎండి పెళుసెక్కిన చీరను దించి, జాడించి, పిండి, మళ్ళీ కట్టడం రోజంతా సాగేది. రాగి సంకటి కుండ మీద తడి గుడ్డ, పాల గిన్నె మీద మూత, మూత మీద ఇంకో తడి గుడ్డ. గ్లాసులో ఏం పోయాలన్నా ముందు చీర చెంగు లోపల తిప్పి తుడిచి పోసేది. పెళ్ళికో పేరంటానికో వేరే ఊరు పోయినా ఆ చెంగు తిప్పడం మానేది కాదు. అక్కడివాళ్ళు తమ గ్లాసులు మురికిగా ఉన్నాయనుకుంటుందేమోనని చిన్నబుచ్చుకునేవాళ్ళు. వంటింటి మూల రోలుకు ఒక పొత్రం ఉండేది. దాని పక్కన ఒక నొక్కు. పిండి రుబ్బేటప్పుడు ఆ నొక్కు తగిలినప్పుడల్లా టక్కుమని చప్పుడయ్యేది. అమ్మ రుబ్బుతోందా, అలసి ఆగిందా అన్నది మాకు పక్క గదిలో ఆ చప్పుడును బట్టే తెలిసేది.

నాన్న గని టైం ఆఫీసులో పనివాళ్ళ హాజరు రాసే గుమాస్తా. దేవుణ్ణి నమ్మడు. నమ్మేవాళ్ళతో మాట్లాడకుండా ఉండలేడు. అమ్మకు వంటింట్లో దేవుడి అర ఉండేది. దాని జోలికి నాన్న ఎప్పుడూ పోలేదు, ఆ అర తలుపు మేకు ఊడితే తనే కొట్టి ఇచ్చేవాడు కూడా. కానీ గాలి కాలంలో ఆఫీసు నుంచి రాగానే కిటికీ చెక్క మీద వేలు రాసి, తెల్లబడిన వేలు మా ముందు పెట్టి, "ఇది ఏంది?" అని అడిగేవాడు. దుమ్ము అంటే ఒప్పుకునేవాడు కాదు. యాడిది, ఎట్ల వచ్చింది, ఊపిరిలోకి పోతే ఏమవుతాది, ముగ్గురం వరసగా చెప్పాలి, అమ్మతో సహా. అమ్మ చివరి ప్రశ్నకు జవాబు చెప్పి, "నీ వేలు కడుక్కో ముందు, ఆ చేత్తో పిల్లల్ని ముట్టుకోవద్దు" అనేది.

ఆ రోజుల్లో మా లైన్లలో ఆడవాళ్ళు గుట్ట నుంచి ఆ పిండి తట్టల్లో తెచ్చుకునేవాళ్ళు. అంత మెత్తటి, అంత తెల్లటి పొడి ఎక్కడా కొనే పని లేకుండా దొరుకుతుంది కదా. దానితో ముగ్గు వేసేవాళ్ళు. ఇత్తడి చెంబులు తోమేవాళ్ళు. వాకిట్లో ముగ్గు మీద పాకే పిల్లలు వేళ్ళు నోట్లో పెట్టుకునేవాళ్ళు. నాన్న ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. వద్దన్నాడు, బతిమాలాడు, కోప్పడ్డాడు. వాళ్ళు మర్యాదగా తల ఊపి, మర్నాడు పొద్దున ఇంకొంచెం పెద్ద ముగ్గు వేసేవాళ్ళు. అప్పుడు నాన్న మాటలు కట్టిపెట్టి పార పట్టాడు. గుట్టకు గాలి తగిలే వైపు, అడుగున, గుంటలు తవ్వడం మొదలుపెట్టాడు. చెరువు మట్టి, పేడ గోనెల్లో మోసుకొచ్చి ఆ గుంటలు నింపేవాడు. మొదట వేప పెట్టాడు, మాడిపోయింది. సరుగుడు పెట్టాడు, వానకు గుట్ట జారి దాన్ని కప్పేసింది. తర్వాత గుంటల పైన కిత్తనార మొక్కలు వరసగా పెట్టి, జారే పిండిని అది ఆపేలా చేసి, దాని నీడన కానుగ పెట్టాడు. కానుగ బతికింది. అది బతికిన రోజు నాన్న ఇంటికి వచ్చి ఏమీ మాట్లాడకుండా రెండు ముద్దల సంకటి తిని పడుకున్నాడు. సెలవుల్లో నేనూ అక్కా కిరసనాయిలు డబ్బాలతో నీళ్ళు మోశాం. చూసిన వాళ్ళు నవ్వేవాళ్ళు. "గుమాస్తా సారుకు బంగారం దొరకలేదంట, చెట్లు తవ్వుకుంటా ఉండాడు" అని ఒక పాట లాగా అనేవాళ్ళు.

ఆదివారం సాయంత్రం మా వసారాలో వాదసభ జరిగేది. నాన్న స్నేహితులు ఇద్దరు ముగ్గురు, మేమిద్దరం, వంటింట్లో నుంచి అమ్మ. నియమం ఒకటే. ఎవరు దేన్ని నమ్ముతారో దానికి ఎదురుగా మాట్లాడాలి. దేవుడు లేడనే నాన్న ఉన్నాడని వాదించాలి. ముగ్గుకు ఆ పిండి వాడకూడదనే నేను, వాడాలని వాదించాలి. ఎదుటివాడి మాటలో బలం ఎక్కడుందో తెలియనివాడు తన మాటను కూడా గట్టిగా పట్టుకోలేడని నాన్న నమ్మకం. నేను ఆవేశంగా మాట్లాడేదాన్ని. అక్క అట్లా కాదు. నెమ్మదిగా, జడ అల్లుకుంటూ, ఒక్క ప్రశ్న అడిగేది. దానితో అందరి నోళ్ళూ మూతపడేవి. చివర్లో ఎవరు గెలిచారని నాన్న ఎన్నడూ అడగలేదు. "మనసు ఎంత జరిగింది, చూపించండి" అనేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పెట్టి అందరం చేతులెత్తాలి. అసలు జరగకపోతే వేళ్ళు కలిపి చూపాలి. నాన్న ఆ వేళ్ళ సందుల్ని చూసి, కుర్చీలు లోపల పెట్టేవాడు. ఇన్నేళ్ళుగా నేను రాస్తున్నదంతా ఆ వసారాలో నేర్చుకున్నదే. అక్క నాకంటే బాగా మాట్లాడేది. చదువు ఆపించి పెళ్ళి చేసింది మాత్రం అక్కకే. ఆ విషయం మీద మా ఇంట్లో వాదసభ జరగలేదు.

కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. అక్క మనవరాలు ధన్య వచ్చి నా ఒళ్ళో వాలింది. ఇంకా బడికి పోని వయసు. దగ్గుతోంది. నుదుటి మీద విభూతి పెట్టినట్టు మూడు తెల్ల గీతలు. మా ఇంట్లో ఎవరి నుదుటి మీదా అట్లాంటివి ఉండేవి కావు కనుక ఆటకు పెట్టుకుందనుకున్నాను. ఈలోగా అక్క కోడలు రేఖ ఒక చిన్న స్టీలు డబ్బా, చెంచా, తేనె పట్టుకుని వచ్చింది. బైరకూరు పిల్ల, రాగీ మామిడీ పండించే ఇంట్లో పుట్టింది, మంచిది, పనిలో చురుకు. అక్క కొడుకు సోమవారం నుంచి శనివారం దాకా రైల్లోనే ఉంటాడు, ఇల్లంతా ఈమే చూసుకుంటుంది. డబ్బాలో నుంచి తెల్లటి పొడి చిటికెడు తీసి తేనెలో రంగరించింది.

"ఏంది రేఖా అది?"

"బూది తాతయ్య బూది చిన్నత్తా. దగ్గుకు. డాక్టరు ఇచ్చిన సిరప్ ఒగ పక్క, ఇది ఒగ పక్క."

"ఏ తాతయ్య?"

ఆమె నవ్వింది, నేనేదో వేళాకోళమాడుతున్నాననుకుని. "మీ నాయనే కదా చిన్నత్తా. మీకు తెలీకుండా ఎట్ల ఉంటాది?"

నేను అక్క వైపు చూశాను. అక్క తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల చెంచా నాకింది. అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "దీన్ని మాన్పించు. దానికే పిలిచినాను. నా మాట అది వినదు" అంది. ఏమిటిదంతా అని అడిగితే, "గుట్టకు పోదాం పా. చూసినాక మాట్లాడు" అంది.

ఏళ్ళ కిందట నేను చివరిసారి చూసినప్పుడు ఆ గుట్ట అడుగున నాన్న నాటిన చెట్లు చేతివేళ్ళతో లెక్కపెట్టగలిగేటన్ని ఉండేవి. ఇప్పుడు అక్కడ ఒక తోపు ఉంది. కానుగలు కలిసిపోయి నీడ పరిచాయి. ఆ నీడలో గాలి కూడా కొంచెం శుభ్రంగా ఉంది. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. మరుక్షణం గంట మోగింది. చెట్ల మధ్య రేకుల కప్పు, టైల్సు అతికిన అరుగు, కన్నడంలో రంగు రంగుల బోర్డు. అరుగు మీద పసుపు పూసిన ఒక రాయి, దాని వెనక నాన్న.

ఆ ఫోటో నాకు తెలుసు. తల మీద తువ్వాలు చుట్టుకుని, ఎండకు కళ్ళు చికిలించి, మొదటి కానుగ మొక్క పక్కన నాన్న నిలబడి ఉన్న ఫోటో. ఆఫీసు స్నేహితుడు తీశాడు. దాన్ని నిలువెత్తు చేసి రంగులు వేశారు. తువ్వాలు కాషాయం అయింది. తల వెనక సూర్యుడు వచ్చి కూర్చున్నాడు. బతికినన్నాళ్ళూ ఏ గుర్తూ ఎరగని ఆ నుదుటి మీద మూడు గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. ముందు పళ్ళెంలో గుట్ట పిండి పోసి ఉంది. జనం వరసగా వచ్చి దాన్ని నుదుట పెట్టుకుంటున్నారు, కొందరు నాలుక మీద వేసుకుంటున్నారు, పొట్లాలు కట్టించుకుంటున్నారు. రైల్లో కనిపించిన పిల్లలు కూడా అక్కడే ఉన్నారు. అమ్మాయి నుదుటి మీద మూడు గీతలు గీయించుకుని ఫోటో తీయించుకుంటోంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

అక్కడి వ్యవహారం చూసే మునిరాజు ఒకప్పుడు లారీ తోలేవాడట. అక్క నన్ను పరిచయం చేయగానే రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "తాతయ్య చిన్న కూతురా. ఎంత దినానికి వచ్చినారమ్మా."

"ఈ పొడి మనుషులకు ఎందుకిస్తా ఉండారప్పా?"

"తాతయ్య ప్రసాదం కదమ్మా. విషం గుట్టలో చెట్టు మొలిపించినాడు. విషాన్ని బూది చేసినాడు. ఇంగ దాంట్లో విషం యాడ ఉంటాది?"

"పేడ వేసినాడు. చెరువు మట్టి వేసినాడు. మేము నీళ్ళు మోసినాం. అందుకు మొలిచింది."

"అదేనమ్మా నేను చెప్పేది. పేడా మట్టీ మేమూ వేస్తాం. మొలుస్తాదా?"

సరిగ్గా వేస్తే మొలుస్తుంది, వేసి చూడమన్నాను. అతను మన్నించే చూపు చూశాడు. కనీసం ఆ గీతలన్నా తీసెయ్యమన్నాను. మా నాన్న నుదుట ఏమీ పెట్టుకునేవాడు కాదన్నాను.

"గీతలు తీసేస్తే ఎవరు గుర్తు పడతారమ్మా? మామూలు మనిషి మాదిరి ఉంటాడు."

"మామూలు మనిషే."

"అట్ల అనొద్దండమ్మా, కూతురి నోట" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని.

నేను చీర చెంగుతో ఆ ఫోటో అద్దం తుడిచాను. జనం చల్లిన పొడి అద్దం మీద మందంగా పేరుకుని ఉంది. ఎందుకు తుడిచానో ఆలోచించలేదు, చెయ్యి అమ్మ చెయ్యి లాగా తనంతట తనే తిరిగింది. పైనున్న తెలుపంతా చెంగులోకి వచ్చింది. గీతలు అద్దం లోపల ఉన్నాయి, అవి రాలేదు. వెనక ఎవరో "కూతురు సేవ చేస్తా ఉండాది" అన్నారు. ఇంకెవరో ఫోన్ ఎత్తి తీశారు.

అక్క నా మోచెయ్యి పట్టుకుని తోపు వెనక్కి తీసుకుపోయింది. ఫోటో వీళ్ళకు ఎవరిచ్చారని అడిగాను.

"నేనే."

"రాయి?"

"అదీ నేనే పెట్టినా. పోయి తడిమి చూడు. పక్కన నొక్కు ఉంటాది."

అది అమ్మ పొత్రం.

గని మూసేశాక సంగతి అక్క చెప్పింది. నాన్న అప్పటికే లేడు. జీతాలు లేవు. గ్యాసు కొనే దిక్కు లేదు. లైన్లలో ఖాళీ ఇళ్ళ తలుపులు, కిటికీ చెక్కలు పొయ్యిలోకి పోయాయి. తర్వాత గొడ్డళ్ళు నాన్న చెట్ల దగ్గరికి వచ్చాయి. అక్క పోయి అడ్డంగా నిలబడింది. ఈ చెట్లు పోతే పిండి మళ్ళీ లేస్తుందని, పిల్లల ఊపిరిలోకి పోతుందని, నాన్న చెప్పినవన్నీ చెప్పింది.

"అందరూ విన్నారు. తల ఊపినారు. ఒగడు అన్నాడు, 'అన్నీ సరే అమ్మా, మా పొయ్యి నువ్వు ముట్టిస్తావా' అని. మర్నాడు చూస్తే రెండు చెట్లు లేవు. అప్పుడు అమ్మ పొత్రం మోసుకొచ్చి ఆ పెద్ద చెట్టు కింద పెట్టినా. పసుపు పూసినా, కుంకం పెట్టినా, చెట్టుకు దారం కట్టినా. ఇంగ ఒగ గొడ్డలి రాలేదు. నువ్వే చెప్పు. నాన్న మాట విని ఒగడన్నా గొడ్డలి దించినాడా? రాయిని చూసి దించినారు."

"నాన్న ఉండి ఉంటే నీ మొహం చూసేవాడా?"

"నాన్న ఉండి ఉంటే ముందు చెట్లు చూసేవాడు."

వసారాలో లాగే. ఒక్క ప్రశ్న, ఒక్క మాట, నా నోరు మూత. చెట్ల కోసం అబద్ధం చెప్పావు సరే, పొడి సంగతేమిటని అడిగాను. అక్క మొదటిసారి తల దించుకుంది. పొడి తను మొదలుపెట్టలేదంది. ఎవరో చెట్టు మొదట్లోని పిండిని తీసి నుదుట పెట్టుకున్నారు, ఎవరికో ఏదో నయమైంది, మునిరాజు పళ్ళెం పెట్టాడు, బెంగళూరు నుంచి కార్లు రావడం మొదలైంది. "కోడలికి చెప్పినా. అది మీ అవ్వ పొత్రం అమ్మా, నేనే పెట్టినా, ఆ బూదిలో ఏమీ లేదు, పిల్లకు పెట్టొద్దు అని. అది ఏమన్నాదో తెలుసా? 'అత్తా, మీరు తాతయ్య కూతురు, మీకు అది అలవాటైపోయి విలువ తెలీదు' అన్నాది. నేను చేసిన దేవుడి గురించి నా మాట చెల్లలేదే చిన్నీ."

నా కోపం పోలేదు. ఇప్పటికీ పోలేదు. దాన్ని ఎవరి మీద నిలబెట్టాలో మాత్రం అప్పుడు తెలియలేదు. నేరుగా పోయి అరుగు మెట్టు మీద నిలబడ్డాను. నాన్న ఎట్లా మాట్లాడేవాడో అట్లా మాట్లాడాను. ఈయన మా నాన్న అన్నాను. దేవుణ్ణి నమ్మలేదన్నాను. ఈ పొడి పిల్లల దగ్గరికి రాకూడదని ఒళ్ళు అరగదీసుకున్నాడన్నాను. ఈ రాయి మా అమ్మ పిండి రుబ్బిన పొత్రం, మీరు మొక్కుతున్నది మా వంటింటికి అన్నాను. మీరంతా ఇంట్లో కిటికీలకు తడి చీరలు ఎందుకు కడుతున్నారు, దేన్ని ఆపడానికి కడుతున్నారు అని అడిగాను. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. అంత నిశ్శబ్దంగా నా మాట ఏ సభలోనూ ఎవరూ వినలేదు. చివర్లో ఒక ముసలమ్మ ముందుకొచ్చి, "అంత మందికి అన్నం పెట్టిన రాయి. అదే కదమ్మా సామి" అని నా కాళ్ళకు మొక్కింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వంగారు. నేను మెట్టు దిగి వచ్చేశాను. ఎవరైనా ఎదురు తిరిగి తిట్టి ఉంటే బాగుండేది. మా నాన్నను చూసి నవ్వి పాటలు కట్టినవాళ్ళు కనీసం ఆయన ఏమంటున్నాడో విన్నారు. మొక్కేవాళ్ళకు ఆ అవసరం కూడా లేదు.

ఇంటికి వచ్చేసరికి గాలి ఊపందుకుంది. రేఖ కిటికీ చీరలు దించి బకెట్లో జాడిస్తోంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆ పని అక్కే నేర్పించింది, ఇప్పుడు అక్క కంటే ఈమే గట్టిగా పిండుతుంది. నేను ఒక కొస పట్టుకున్నాను. నీళ్ళు తెల్లగా కారాయి. చీర మళ్ళీ కట్టి, బకెట్ కదలకుండా పెట్టాక, అడుగున మెత్తటి బురద దిగింది.

"ఇది యాడిది రేఖా?"

"గుట్టది చిన్నత్తా. ఈ గాలికి ఇంగ యాడిది వస్తాది."

"నీ డబ్బాలో ఉండేది?"

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అది వేరే కదా" అంది. నేను ఇంకో ప్రశ్న అడగబోయాను. అక్క నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. మేము ముగ్గురం రెండో కిటికీ దగ్గరికి పోయాం.

వెనక్కి తిరిగేసరికి ధన్య బకెట్ దగ్గర గొంతుకూర్చుని ఉంది. మూడు వేళ్ళు అడుగు బురదలో ముంచి, నుదుటి మీద అడ్డంగా రాసుకుంది, తడిగా, మెరుస్తూ, ఎంతో శ్రద్ధగా. తర్వాత ఆ వేళ్ళు నోటి దగ్గరికి తీసుకుపోయింది. తప్పు చేస్తున్నట్టు లేదు ఆ పిల్ల ముఖంలో. రోజూ వాళ్ళమ్మ చేసేదే చేస్తోంది.

రేఖ ఒక్క అంగలో పోయి చెయ్యి లాగేసింది. "ఛీ, నోట్లో పెట్టుకోవద్దు, విషం అది" అంది. పిల్లను కొళాయి దగ్గరికి ఎత్తుకుపోయి వేళ్ళు కడిగింది, సబ్బు వేసి నుదురు రుద్దింది, నోరు పుక్కిలింపించింది. పిల్ల ఏడుస్తూ, "తాతయ్య బూది, తాతయ్య బూది" అంటోంది. రేఖ తువ్వాలుతో పిల్ల ముఖం తుడిచి, అట్లాగే నిలబడిపోయింది. మా వైపు చూడలేదు. నా నాలుక చివరన ఎన్ని మాటలున్నాయో నాకే తెలుసు.

కొంచెం సేపటికి ఆమె వంటింట్లోకి పోయింది. దేవుడి అరలో నుంచి ఆ స్టీలు డబ్బా తీసింది. మూత బిగించింది. పారబోస్తుందనుకున్నాను. కుర్చీ జరుపుకుని ఎక్కి, అన్నిటికంటే పై అరలో, పాత పళ్ళేల వెనక, పిల్లకు అందని చోట పెట్టింది. దిగి, చేతులు కడుక్కుంది. ఆ ఫోటోలో గీతలు రేపూ ఉంటాయి. పళ్ళెం రేపూ నిండుతుంది. కార్లు వస్తూనే ఉంటాయి, ఆ చెట్ల నీడనే ఆగుతాయి.

అక్క గది అవతలి నుంచి నన్ను చూసింది. చెయ్యి కొంచెం ఎత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పెట్టి చూపించింది. నేను కళ్ళద్దాలు సవరించుకుని చూశాను. ఆ సందులో ఒక రాగి గింజ పడుతుంది. అంతకంటే పట్టదు.